పెద్దబడి, చిన్నబడి: పైథాన్‌లో సత్యాసత్య విలువల రాత, పొలం లెక్కలపై దాని ప్రభావం

పొలం నుంచి వచ్చే సమాచారంలో పెద్ద భాగం రెండే జవాబులు గల ప్రశ్నలకు సంబంధించినది. తామర పురుగు కనిపించిందా, లేదా? బిందు సేద్యం ఉన్నదా, లేదా? లింగాకర్షక బుట్ట పెట్టారా, లేదా? విత్తన శుద్ధి జరిగిందా, లేదా? పొదిలి పరిసరాల్లో ఒక మిరప రైతు వద్దనో, పత్తి రైతు వద్దనో విస్తరణ సిబ్బంది నింపే సర్వే పత్రంలో ఇటువంటి గడులు అనేకం ఉంటాయి. కాగితంపై టిక్కు పెట్టి నింపిన రోజుల్లో ఆ జవాబును చదివేది మనిషి. ఇప్పుడు చదివేది యంత్రం. టిక్కు వంకరగా పడినా మనిషి అర్థం చేసుకుంటాడు. పెద్దదిగా ఉండవలసిన అక్షరం చిన్నదిగా ఉంటే యంత్రం ఆ మాటను వేరొక మాటగా పరిగణిస్తుంది.

గణాంక విశ్లేషణకు పైథాన్ భాషను ఎంచుకుంటున్న వ్యవసాయ విద్యార్థులకు తొలి పాఠాల్లోనే ఈ చిక్కు ఎదురవుతుంది. అవును, కాదు అనే అర్థాలకు పైథాన్ ఉపయోగించే ట్రూ, ఫాల్స్ అనే రెండు పదాలలో ఏ అక్షరం పెద్దది, ఏది చిన్నది అన్న నియమాన్ని ఆ భాష ఖచ్చితంగా పాటిస్తుంది. నియమం నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు. అయితే అది తెలియక వచ్చిన తప్పును తొందరపడి సరిదిద్దే పద్ధతులు కొన్ని, పురుగు లేని పొలాన్ని పురుగు ఉన్న పొలంగా, ఉన్న పొలాన్ని లేనిదిగా మార్చివేయగలవు. ఆ మార్పు తెరపై కనిపించదు. సలహా రూపంలో రైతు వద్దకు చేరుతుంది. ఈ వ్యాసం ఆ నియమాన్ని, దాని వెనుక ఉన్న ప్రమాదాన్ని, నివారణ పద్ధతులను ప్రారంభ విద్యార్థులకు, విస్తరణ శాస్త్రవేత్తలకు వివరించే ప్రయత్నం.

తెలుగు లిపిలో లేని భేదం

తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న భేదం లేదు. వాక్యం మొదట వచ్చినా, మధ్యలో వచ్చినా, ఊరి పేరులో వచ్చినా 'ప' ఒకే తీరుగా ఉంటుంది. అందువల్ల తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి ఈ భేదం ఆంగ్ల పాఠంతోనే పరిచయమవుతుంది. మన బడులలో వాటిని పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు అని నేర్పేవారు. ఈ వ్యాసంలోను అవే మాటలను వాడడమైనది. కోడ్‌లో ఆంగ్ల అక్షరాలతో టైపు చేయవలసిన పదాలను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఇచ్చి, ఏ అక్షరం పెద్దబడో మాటల్లో చెప్పవలసి వచ్చింది. తెలుగులో రాసిన ట్రూ అనే పదం ఆ భేదాన్ని చూపలేకపోవడమే మన విద్యార్థి పడే ఇబ్బందికి మొదటి నిదర్శనం.

కంప్యూటర్ దృష్టిలో ప్రతి అక్షరం ఒక సంఖ్య. పెద్దబడి 'టి' సంఖ్య 84. చిన్నబడి 'టి' సంఖ్య 116. పెద్దబడి 'ఎఫ్' 70. చిన్నబడి 'ఎఫ్' 102. రెండింటిలోను తేడా 32. మన కంటికి ఒకే అక్షరానికి రెండు రూపాలుగా కనిపించేవి యంత్రానికి రెండు వేర్వేరు సంకేతాలు. తెలుగులో దీనికి సమీపమైన పోలిక గుణింతం. 'పురుగు'లో ఒక కొమ్ము తొలగిస్తే 'పరుగు' అవుతుంది. వాటిని ఒకే మాటగా చదవాలని ఎవరూ అనరు. పెద్దబడి, చిన్నబడి భేదాన్ని పైథాన్ అంత పట్టింపుతోనే చూస్తుంది.

నిజానికి వ్యవసాయ శాస్త్ర విద్యార్థికి ఈ పట్టింపు కొత్తది కాదు. పత్తి శాస్త్రీయ నామం గాసిపియం హిర్సుటం రాసేటప్పుడు ప్రజాతి పేరు పెద్దబడితోను, జాతి పేరు చిన్నబడితోను మొదలుకావాలి. మిరప శాస్త్రీయ నామమైన క్యాప్సికం ఆన్యువమ్‌కూ అదే నియమం. జన్యుశాస్త్రంలో మెండెల్ బఠాణీ ప్రయోగాన్ని బోధించేటప్పుడు పొడవు లక్షణానికి పెద్దబడి 'టి', పొట్టి లక్షణానికి చిన్నబడి 'టి' వాడతాము. అక్కడ అక్షరం సైజు మారితే బహిర్గత లక్షణం అంతర్గత లక్షణమవుతుంది. దిగుబడి కొలతల్లో ఇంకా పెద్ద తేడా ఉన్నది. 'ఎమ్', 'జి' అక్షరాలు రెండూ చిన్నబడిలో ఉంటే మిల్లీగ్రాము. 'ఎమ్' పెద్దబడి అయితే మెగాగ్రాము, అంటే ఒక టన్ను. రెండింటి మధ్య నిష్పత్తి 100 కోట్లు. ఇంత భేదాన్ని ఒక అక్షరం సైజుపై నిలిపి పనిచేస్తున్న శాస్త్రంలో శిక్షణ పొందినవారికి పైథాన్ నియమం అలవడటం కష్టం కాకూడదు.

పైథాన్ నియమం, దాని నేపథ్యం

నియమం ఇది. ట్రూ అనే పదంలో మొదటి అక్షరం 'టి' మాత్రమే పెద్దబడి; మిగిలిన మూడు అక్షరాలూ చిన్నబడి. ఫాల్స్ అనే పదంలో మొదటి అక్షరం 'ఎఫ్' మాత్రమే పెద్దబడి. మిగిలిన నాలుగూ చిన్నబడి. వీటి చుట్టూ ఉల్లేఖన చిహ్నాలు ఉండకూడదు. అన్నీ చిన్నబడిలో రాసినా, అన్నీ పెద్దబడిలో రాసినా పైథాన్ వాటిని సత్యాసత్య విలువలుగా స్వీకరించదు.

సత్యాసత్య విలువలను బూలియన్ విలువలు అంటారు. తర్కాన్ని బీజగణితంగా మలచిన ఆంగ్ల గణిత శాస్త్రవేత్త జార్జ్ బూల్ పేరు మీదుగా ఆ పేరు వచ్చింది. ఆలోచనా నియమాలపై ఆయన గ్రంథం 1854లో వెలువడింది. గైడో వాన్ రోసమ్ రూపొందించిన పైథాన్ 1991లో విడుదలైనప్పుడు దానిలో ప్రత్యేకమైన బూలియన్ రకం లేదు. సత్యానికి 1, అసత్యానికి 0 వాడేవారు. 2002లో పీఈపీ 285 అనే ప్రతిపాదన ద్వారా ఆయనే ఈ రకాన్ని ప్రవేశపెట్టారు. 2003లో వచ్చిన పైథాన్ 2.3లో అది అమలులోకి వచ్చింది. సీ ప్లస్ ప్లస్, జావా భాషల్లో మాదిరిగా చిన్నబడిలో రాయాలా, లేక పైథాన్‌లో అప్పటికే ఉన్న నన్ అనే విలువ మాదిరిగా పెద్దబడితో మొదలుపెట్టాలా అన్న ప్రశ్న ఆ ప్రతిపాదనలోనే చర్చకు వచ్చింది. ఇతర భాషలతో పొంతన కంటే పైథాన్‌లోపలి పొంతన ముఖ్యమని భావించి పెద్దబడి రూపాన్ని నిర్ణయించారు.

అప్పటికీ ఈ రెండు పదాలు సాధారణ పేర్లుగానే ఉండేవి. ట్రూ అనే పేరుకు వేరొక విలువను కేటాయించినా పైథాన్ 2 అడ్డుచెప్పేది కాదు. 2008 డిసెంబరులో విడుదలైన పైథాన్ 3.0తో ఇవి మార్చడానికి వీలులేని కీలక పదాలయ్యాయి. నేటి పైథాన్‌లోని 35 కీలక పదాల్లో పెద్దబడితో మొదలయ్యేవి ట్రూ, ఫాల్స్, నన్ అనే మూడే. ఇఫ్, ఎల్స్, ఫర్, అండ్, ఆర్, నాట్ వంటివన్నీ పూర్తిగా చిన్నబడి. కాబట్టి విద్యార్థి గుర్తుంచుకోవలసిన జాబితా చాలా చిన్నది: మూడు విలువలు పెద్దబడితో మొదలవుతాయి, మిగిలిన కీలక పదాలు చిన్నబడి.

సొంత ల్యాప్‌టాప్ లేక ఫోనులో అభ్యాసం చేసే విద్యార్థులకు మరొక జాగ్రత్త అవసరం. ఫోను కీబోర్డు పంక్తి మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దబడికి మార్చవచ్చు. అప్పుడు ఇఫ్, ప్రింట్ వంటి పదాలు పెద్దబడితో మొదలై దోషానికి దారితీస్తాయి. కోడ్ రాసే సమయంలో ఆ సౌకర్యాన్ని ఆపివేయాలి.

ఒక్కొక్క సాఫ్ట్‌వేర్‌ది ఒక్కొక్క రాత

మన పరిశోధన సమాచారం ఒకే సాఫ్ట్‌వేర్‌లో పుట్టి అక్కడే ఉండదు. ఎక్సెల్‌లో ఎక్కించి, ఆర్‌లోనో పైథాన్‌లోనో విశ్లేషించి, వెబ్ అప్లికేషన్ ద్వారా పంచుకుంటాము. ప్రతి మజిలీలోను సత్యాసత్య విలువల రాత మారుతుంది.

ఎక్సెల్‌లో ఈ పదాలను ఎలా టైపు చేసినా అన్నీ పెద్దబడిగా మార్చి చూపుతుంది. సీఎస్‌వీ ఫైలుగా భద్రపరిచినప్పుడు కూడా అన్నీ పెద్దబడిగానే వెళ్తాయి. ఆర్ భాషలో సైతం అన్నీ పెద్దబడిలోనే రాయాలి. అక్కడ పెద్దబడి 'టి', 'ఎఫ్' అనే ఏకాక్షర సంక్షిప్త రూపాలు కూడా చెల్లుతాయి. అయితే అవి సాధారణ పేర్లు మాత్రమే. సేద్య శాస్త్ర ప్రయోగాల్లో ట్రీట్‌మెంట్లను 'టి' అక్షరంతో సూచించడం మన అలవాటు. ఆర్‌లో పెద్దబడి 'టి' అనే పేరుకు ట్రీట్‌మెంట్ల విలువలను కేటాయిస్తే, ఆ క్షణం నుంచి ఆ అక్షరం సత్యాన్ని సూచించదు. జావా, జావాస్క్రిప్ట్ భాషల్లోను, మొబైల్ సర్వే అప్లికేషన్లు సమాచారం పంపడానికి తరచు వాడే జేసన్ రూపంలోను అన్నీ చిన్నబడి.

దీనికి భిన్నంగా, కొన్ని పద్ధతులు అతి ఉదారంగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్ అమరికలు రాయడానికి వాడే యామెల్ 1.1 ప్రమాణం ప్రకారం నో అనే మాట ఏ బడిలో ఉన్నా, ఉల్లేఖన చిహ్నాలు లేకుంటే, అసత్య విలువగా మారుతుంది. నార్వే దేశపు రెండక్షరాల సంకేతం కూడా అదే. దేశాల జాబితాలో నార్వే ఉండవలసిన చోట అసత్య విలువ చేరడం ప్రోగ్రామర్లలో 'నార్వే సమస్య'గా ప్రసిద్ధి పొందింది. ఉదారత వల్ల వచ్చే ఇటువంటి అనర్థంతో పోల్చితే పైథాన్ పట్టింపు మనకు మేలు చేసేదే.

పైకి కనిపించే దోషం, కనిపించని దోషం

పైథాన్‌లో ట్రూ అనే పదాన్ని ఉల్లేఖన చిహ్నాలు లేకుండా అన్నీ చిన్నబడిలో రాస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. అటువంటి పేరు నిర్వచించబడలేదని నేమ్ ఎర్రర్ అనే సందేశం వస్తుంది. పైథాన్ 3.10 నుంచి, మీ ఉద్దేశం పెద్దబడితో మొదలయ్యే రూపమా అని కూడా ఆ సందేశమే అడుగుతుంది. ఇది పైకి కనిపించే దోషం. దీనివల్ల పోయేది కొద్ది సమయమే.

ప్రమాదం దాన్ని సరిదిద్దే తీరులో ఉన్నది. సందేశాన్ని పూర్తిగా చదవని విద్యార్థి సాధారణంగా చేసే పని ఆ పదానికి ఉల్లేఖన చిహ్నాలు తగిలించడం. వెంటనే దోషం మాయమవుతుంది, ప్రోగ్రాం నడుస్తుంది. కానీ ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉన్నది ఇక సత్యాసత్య విలువ కాదు. అది స్ట్రింగు, అంటే కేవలం అక్షరాల వరుస. స్ట్రింగు సత్యమా అసత్యమా అని అడిగినప్పుడు పైథాన్ దాని అర్థాన్ని చూడదు, ఖాళీగా ఉన్నదా లేదా అని మాత్రమే చూస్తుంది. ఖాళీ స్ట్రింగు అసత్యం. ఒక్క అక్షరమున్నా సత్యం. కాబట్టి ఉల్లేఖన చిహ్నాల మధ్య ఫాల్స్ అని రాసి బూల్ ఫంక్షన్‌కు ఇస్తే వచ్చే జవాబు ట్రూ. కాదు అని రాసి ఇచ్చినా ట్రూ. లేదు అని రాసి ఇచ్చినా ట్రూ.

కీబోర్డు నుంచి జవాబు తీసుకునే ఇన్‌పుట్ ఫంక్షన్ ఎల్లప్పుడూ స్ట్రింగునే అందిస్తుంది. మీ చేలో తామర పురుగు కనిపించిందా అని అడిగి, వచ్చిన జవాబును నేరుగా బూల్ ఫంక్షన్‌కు అప్పగిస్తే, రైతు ఏమి చెప్పినా పురుగు ఉన్నట్లే నమోదవుతుంది.

పది పొలాల లెక్క

ఈ ప్రమాదం ఎంతటిదో ఒక ఊహాత్మక ఉదాహరణతో పరిశీలించవచ్చు. పొదిలి ప్రాంతంలో పది పత్తి పొలాల్లో గులాబీ రంగు పురుగు ఉనికిని లింగాకర్షక బుట్టలతో గమనించారనుకుందాం. వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున, లేదా అంతకు మించి, రెక్కల పురుగులు పడితే ఆర్థిక నష్ట పరిమితి దాటినట్లు పరిగణించడం అమలులో ఉన్న సూచన. ఆ కొలమానం ప్రకారం పదింటిలో మూడు పొలాలు పరిమితి దాటాయి, ఏడు దాటలేదు. సిబ్బంది ఆ తీర్పును ఎక్సెల్‌లో సత్యాసత్య విలువలుగా నమోదు చేసి సీఎస్‌వీగా భద్రపరిచారు. ఆ ఫైలును పైథాన్‌లోని సీఎస్‌వీ మాడ్యూల్‌తో తెరిచారు. ఆ మాడ్యూల్ మామూలుగా ప్రతి గడినీ స్ట్రింగుగానే అందిస్తుంది.

మొదటి విద్యార్థి ప్రతి గడిని బూల్ ఫంక్షన్‌కు ఇచ్చి మొత్తం కూడాడు. పైథాన్‌లో ట్రూ విలువ 1గాను, ఫాల్స్ విలువ 0గాను లెక్కలోకి వస్తాయి కనుక కూడటం సరైన పద్ధతే. కానీ పది గడులూ ఖాళీ లేని స్ట్రింగులు కావడంతో అతనికి 10 వచ్చింది.

రెండవ విద్యార్థి ప్రతి గడిని పైథాన్ ట్రూ విలువతో సమానమా అని పోల్చింది. స్ట్రింగు ఎన్నటికీ సత్యాసత్య విలువతో సమానం కాదు. ఆమెకు 0 వచ్చింది. ఉల్లేఖన చిహ్నాల మధ్య మొదటి అక్షరం మాత్రమే పెద్దబడిగా రాసి పోల్చినా 0 వచ్చేది, ఎందుకంటే ఫైలులో అన్నీ పెద్దబడిలో ఉన్నాయి.

మూడవ విద్యార్థి ముందుగా ప్రతి గడిని చిన్నబడికి మార్చి, ఏ మాట సత్యం, ఏ మాట అసత్యం అన్నది పట్టిక ద్వారా నిర్ణయించి, తరువాత కూడాడు. అతనికి 3 వచ్చింది.

ఒకే ఫైలు, అవే పది వరుసలు. జవాబులు 10, 0, 3. మూడు ప్రోగ్రాముల్లో దేనికీ దోష సందేశం రాలేదు. మొదటి జవాబును నమ్మితే పరిమితి దాటని ఏడు పొలాల్లో కూడా మందు పిచికారీ చేయమని సలహా వెళ్తుంది. అనవసరపు పిచికారీ ఖర్చును పెంచుతుంది, మిత్ర పురుగులను చంపుతుంది, రసం పీల్చే పురుగుల ఉధృతికి దారితీయవచ్చు. రెండవ జవాబును నమ్మితే సలహా అవసరమైన మూడు పొలాలకు అది చేరదు. గులాబీ రంగు పురుగు లద్దె కాయలోకి చేరిన తరువాత పైనుంచి చల్లే మందు దానికి అందదు. గుడ్డి పూలు కనిపించే నాటికి, గుల్లలు తెరిచి చూసే నాటికి అవకాశం చాలావరకు చేజారి ఉంటుంది.

మిరపలో ఈ హెచ్చరిక మరింత వర్తిస్తుంది. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయిపై గుర్తించిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే నల్ల తామర పురుగు 2021లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మిరప తోటలను తీవ్రంగా దెబ్బతీసింది. పూలలో చేరే ఈ పురుగుపై విచక్షణ లేకుండా మందులు మార్చి మార్చి చల్లవద్దనేది శాస్త్రవేత్తలు ఇచ్చిన ముఖ్య సూచనల్లో ఒకటి. ఎక్కడ ఉన్నది, ఎక్కడ లేదు అన్న సమాచారం సరిగా ఉంటేనే అటువంటి సూచన ఇవ్వగలం.

పాండాస్ వాడేవారికి ఒక మాట

పాండాస్ గ్రంథాలయంతో సీఎస్‌వీ ఫైలు తెరిచేవారికి ఈ చిక్కు కొంతవరకు తప్పుతుంది. నిలువు వరుసలోని గడులన్నీ ట్రూ, ఫాల్స్ పదాలే అయితే, అవి అన్నీ పెద్దబడి అయినా, అన్నీ చిన్నబడి అయినా, మొదటి అక్షరం మాత్రమే పెద్దబడి అయినా, పాండాస్ వాటిని సత్యాసత్య విలువలుగా గుర్తిస్తుంది. కానీ ఒక్క గడిలో ఎస్ అనో, కనిపించలేదు అనో రాసి ఉంటే నిలువు వరుస మొత్తం స్ట్రింగులుగా మిగిలిపోతుంది. వెయ్యి వరుసల ఫైలులో ఒక్క గడి చాలు. ఆ సంగతి గమనించక నిలువు వరుసను బూల్ రకానికి బలవంతంగా మార్చితే వెయ్యి గడులూ సత్యమవుతాయి. అందుచేత ఫైలు తెరిచిన వెంటనే ప్రతి నిలువు వరుస రకాన్ని, దానిలో ఎన్ని విభిన్న విలువలున్నాయో చూడటం అలవాటు కావాలి. రెండు ఉండవలసిన చోట ఐదు కనిపిస్తే అక్కడే ఆగాలి.

చూడని పొలం

సర్వేలో మూడవ స్థితి కూడా ఉంటుంది. సిబ్బంది వెళ్లలేకపోయిన పొలం, వానకు బుట్ట కొట్టుకుపోయిన పొలం, రైతు అందుబాటులో లేని పొలం. ఇక్కడ జవాబు అవును కాదు, కాదు కూడా కాదు, పరిశీలన జరగలేదు. పురుగు కనిపించలేదు అన్నదానికీ, పురుగు కోసం చూడలేదు అన్నదానికీ ఉన్న తేడా విస్తరణ శాస్త్రవేత్తకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

పైథాన్‌లో లేని విలువను నన్ సూచిస్తుంది. దాన్ని బూల్ ఫంక్షన్‌కు ఇస్తే ఫాల్స్ వస్తుంది. అంటే చూడని పొలం పురుగు లేని పొలంగా మారుతుంది. పాండాస్ ఖాళీ గడిని తరచు నాన్ అనే దశాంశ సంఖ్యా రూపంలో ఉంచుతుంది. దాన్ని పైథాన్ బూల్ ఫంక్షన్‌కు ఇస్తే ట్రూ వస్తుంది. అంటే చూడని పొలం పురుగు ఉన్న పొలంగా మారుతుంది. ఒకే ఖాళీ గడి, ఏ దారిన వచ్చిందన్న దానినిబట్టి రెండు వ్యతిరేక అర్థాలు సంతరించుకుంటుంది. కాబట్టి ఖాళీ గడులను ముందే వేరుచేసి, వాటి సంఖ్యను నివేదికలో విడిగా చూపాలి.

శుద్ధి చేసే పద్ధతి

విత్తనానికి ముందు విత్తన శుద్ధి ఎంత అవసరమో, విశ్లేషణకు ముందు సమాచార శుద్ధి అంత అవసరం. సత్యాసత్య విలువల విషయంలో ఈ క్రమాన్ని పాటించవచ్చు.

మొదట, స్ట్రిప్ ఫంక్షన్‌తో మాటకు ముందు వెనుకల ఉన్న ఖాళీలను తొలగించాలి. రెండవది, లోయర్ ఫంక్షన్‌తో ఆంగ్ల అక్షరాలన్నింటినీ చిన్నబడికి తేవాలి. తెలుగు అక్షరాలపై దీని ప్రభావం ఉండదు. మూడవది, ఒక డిక్షనరీ రూపొందించాలి. ట్రూ, ఎస్, 1, అవును, ఉంది, కనిపించింది అనే మాటలన్నీ పైథాన్ ట్రూ విలువకు; ఫాల్స్, నో, 0, కాదు, లేదు, కనిపించలేదు అనే మాటలన్నీ పైథాన్ ఫాల్స్ విలువకు; ఖాళీ గడి, చూడలేదు అనే మాట నన్ విలువకు దారితీయాలి. ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉండే ఎడమవైపు మాటలు చిన్నబడిలోను, కుడివైపు విలువలు పెద్దబడితో మొదలై ఉల్లేఖన చిహ్నాలు లేకుండాను ఉండాలి. నాల్గవది, డిక్షనరీలో లేని మాట వస్తే ప్రోగ్రాం ఊహించకూడదు, ఆగిపోయి ఆ మాటను చూపాలి. పాండాస్‌లోని మ్యాప్ పద్ధతి తెలియని మాటను మౌనంగా నాన్‌గా మార్చుతుంది కనుక, శుద్ధికి ముందు తరువాత ఖాళీ గడుల సంఖ్యను పోల్చి చూడాలి.

తెలుగులో నింపిన పత్రాలకు తనదైన చిక్కు ఒకటి ఉన్నది. పొల్లు అక్షరం తరువాతి అక్షరంతో కలిసిపోకుండా ఉండటానికి కంటికి కనిపించని వేర్పాటు సంకేతాన్ని వాడతాము. తెరపై ఒకేలా కనిపించే రెండు తెలుగు మాటలు ఆ సంకేతం ఉండటం, లేకపోవడం వల్ల యంత్రానికి వేర్వేరు కావచ్చు. అది ఖాళీ కాదు కనుక స్ట్రిప్ దాన్ని తొలగించదు. పెద్దబడి, చిన్నబడి లేనంత మాత్రాన తెలుగు పత్రం నిరపాయమని భావించరాదు.

ప్రశ్న వేసే తీరు కూడా శుద్ధిలో భాగమే. పురుగు కనిపించలేదు కదా అని అడిగితే, అవునండీ అన్న రైతు మాటకు కనిపించలేదనే అర్థం. యంత్రం దాన్ని సత్యంగా నమోదు చేస్తుంది. కాబట్టి ప్రశ్న, నిలువు వరుస పేరు రెండూ అనుకూలార్థంలో ఉండాలి: పురుగు కనిపించింది, బిందు సేద్యం ఉంది, బుట్ట పెట్టారు.

అన్నింటికంటే మేలైన పద్ధతి, వీలున్న చోట తీర్పును కాక కొలతను నమోదు చేయడం. పరిమితి దాటిందా అని రాయడానికి బదులు బుట్టలో పడిన పురుగుల సంఖ్య రాయాలి. ఆ సంఖ్య 8 లేదా అంతకు మించినదా అని పైథాన్‌ను అడిగితే, పోలిక ఫలితంగా వచ్చే ట్రూ, ఫాల్స్ విలువలను పైథానే సృష్టిస్తుంది. వాటి రాతలో మనిషి చేయి పడదు. రేపు పరిమితి మారినా పాత సమాచారాన్ని కొత్త పరిమితితో తిరిగి లెక్కించవచ్చు.

బోధనకు సూచనలు

ప్రారంభ తరగతిలో ఈ నియమాన్ని కంఠస్థం చేయించడం కంటే దోషాన్ని కావాలని రప్పించి, సందేశాన్ని విద్యార్థులచేత బిగ్గరగా చదివించడం ఫలదాయకం. తరువాత పైన చెప్పిన పది పొలాల ఉదాహరణను ఇచ్చి, మూడు పద్ధతుల్లో లెక్క కట్టించి, ఏ జవాబు ఎందుకు వచ్చిందో వివరించమనాలి. సేద్య శాస్త్ర, కీటక శాస్త్ర, విస్తరణ విభాగాల విద్యార్థులు తమ తమ సర్వే పత్రాల్లోని ఒక నిలువు వరుసనే తీసుకుంటే అభ్యాసం మరింత అర్థవంతమవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఒక తనిఖీని తప్పనిసరి చేసుకోవడం మంచిది. యంత్రం ఇచ్చిన మొత్తాన్ని నమ్మే ముందు ఫైలు నుంచి యాదృచ్ఛికంగా పది వరుసలను తీసి, మూల పత్రాలతో చేత్తో సరిచూడాలి. ఫలితం నూటికి నూరు గానో, సున్నా గానో వచ్చినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఒక మండలంలోని అన్ని పొలాలూ ఒకే స్థితిలో ఉండటం పొలం తిరిగినవారికి అరుదుగా తారసపడే విషయం. అటువంటి అంకె కనిపించినప్పుడు మందు డబ్బా గురించి ఆలోచించే ముందు నిలువు వరుస రకాన్ని చూడాలి.

ముగింపు

ట్రూ, ఫాల్స్ పదాల మొదటి అక్షరం పెద్దబడి కావడం పైథాన్‌లో ఒక చిన్న నియమం. దాన్ని ఉల్లంఘించినప్పుడు వచ్చే దోష సందేశం విద్యార్థికి రక్షణ. ఆ సందేశాన్ని నోరుమూయించే ఉల్లేఖన చిహ్నాలు, బలవంతపు మార్పిడులు ఆ రక్షణను తొలగిస్తాయి. సందేశాన్ని చదివి విలువను సరిదిద్దే అలవాటు, ప్రతి మాటను పట్టిక ద్వారా నిర్ణయించే పద్ధతి, చూడని పొలాన్ని విడిగా లెక్కించే నిజాయితీ, ఈ మూడూ ఉంటే పొదిలి మెట్టలో బుట్ట దగ్గర లెక్కించిన మూడు పొలాలు నివేదికలో కూడా మూడుగానే ఉంటాయి.